ఈ-ఎస్‌సిఆర్: లా చదివేవాళ్లు ముందుగా తెరవాల్సిన సైటు

సుప్రీంకోర్టు తీర్పు చదవడానికి ఇవాళ ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. 2023 జనవరి 2న సుప్రీంకోర్టు ఈ-ఎస్‌సిఆర్‌ను ప్రారంభించి, సుమారు 34 వేల తీర్పులను లాయర్లకు, లా విద్యార్థులకు, మామూలు జనానికి ఉచితంగా అందుబాటులో పెట్టింది. అయినా ఎల్‌ఎల్‌బీ చివరి సంవత్సరంలో ఉండి కూడా ఆ సైటు ముఖం చూడనివాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. నేను ప్రాక్టీసు చేస్తూ లా కాలేజీలో క్లాసులు చెబుతాను, మూట్ కోర్టుకు, అంటే నమూనా వాదన పోటీలకు వెళ్లే పిల్లల మెమోరియల్స్ (రాతపూర్వక వాదనలు) దిద్దుతాను. ఏ తీర్పు పేరు ఎత్తినా వాళ్లు చదివింది ఎవరో రాసిన సారాంశమే అయి ఉంటోంది. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ఎస్‌సిఆర్ అంటే సుప్రీంకోర్టు రిపోర్ట్స్. 1950 నుంచి కోర్టు తన తీర్పులను తానే అచ్చు వేయిస్తున్న అధికారిక సంపుటాలు ఇవి. మనకు బాగా అలవాటైన ఏఐఆర్ (ఆల్ ఇండియా రిపోర్టర్), ఎస్‌సిసి (సుప్రీంకోర్టు కేసెస్) ప్రైవేటు ప్రచురణలు. అందుకే ఒకే తీర్పుకు రెండు మూడు సైటేషన్లు, అంటే ఏ సంపుటంలో ఏ పేజీలో ఉందో చెప్పే గుర్తులు ఉంటాయి. మేనకా గాంధీ కేసునే తీసుకోండి: ఏఐఆర్ 1978 ఎస్‌సి 597, (1978) 1 ఎస్‌సిసి 248, [1978] 2 ఎస్‌సిఆర్ 621. మూడూ ఒకే తీర్పు. 2023 నుంచి నాలుగో రకం కూడా వచ్చింది. ‘2023 ఐఎన్‌ఎస్‌సి 1’ తరహాలో, ఏ ప్రచురణకర్తతోనూ సంబంధం లేకుండా కోర్టే ఇచ్చే న్యూట్రల్ సైటేషన్ అది. ఇప్పుడొచ్చే తీర్పులకు మొదట రాయాల్సింది అదే.

ఈ సైటులో నాకు అన్నిటికన్నా విలువైనది పీడీఎఫ్. ప్రింటు సంపుటంలో పేజీ ఎలా ఉందో తెరమీద అలాగే కనిపిస్తుంది. పాత సంపుటాల్లో చాలావాటికి పేజీ అంచున పైనుంచి కిందికి ఎ, బి, సి అని హెచ్ దాకా అక్షరాలుంటాయి. చాలామంది విద్యార్థులు వాటిని ఏదో అచ్చు అలంకారం అనుకుని వదిలేస్తారు. తీర్పుకు ముందుండే సారాంశం, అంటే హెడ్‌నోట్‌లో ఒక్కో పాయింటు చివర బ్రాకెట్లో పేజీ నంబరు, దాని పక్కన ఒకటి రెండు అక్షరాలు ఉంటాయి. ఉదాహరణకు 640 ఎఫ్-జి అని ఉంటే, ఆ పాయింటు 640వ పేజీలో, అంచున ఎఫ్, జి అన్నచోట ఉందన్నమాట. అక్కడికి వెళ్లి ఆ వాక్యం, దానికి ముందూ వెనకా ఉన్న పేరాలూ చదవాలి. హెడ్‌నోట్ రాసేది ఎడిటర్లు, జడ్జీలు కాదు. అది తీర్పులో భాగం కాదు. పొడుగాటి తీర్పు చూసి బెదిరిపోయే పిల్లకు ఈ అక్షరాల సంగతి చెబితే చాలు, పది నిమిషాల్లో తనకు కావాల్సిన పేరా దగ్గర ఉంటుంది. ఈమధ్య వచ్చిన సంపుటాల్లో ఇంకా సులువు చేశారు. మొదట పరిశీలించాల్సిన అంశం, తర్వాత హెడ్‌నోట్, ఉదహరించిన కేసులు, చట్టాల జాబితా, కీలక పదాలు, ఆ తర్వాతే తీర్పు. కేస్ బ్రీఫ్ (తీర్పు మీద క్లుప్తమైన నోట్సు) ఎలా రాయాలో తెలియని మొదటి సంవత్సరం వాళ్లకు ఇంతకంటే మంచి నమూనా నేను చూపించలేను.

‘ఇండియన్ కానూన్‌లో అన్నీ ఉన్నాయి కదా మేడమ్, మళ్లీ ఇదెందుకు?’ అని అడుగుతారు. ఉన్నాయి, నేనూ వాడతాను. 2008 నుంచి లక్షల తీర్పులను ఉచితంగా అందిస్తున్న ఆ సైటు ఈ దేశంలో లా చదివే ప్రతివాళ్లకూ చేసిన మేలు చిన్నది కాదు. హైకోర్టులు, ట్రిబ్యునళ్లు కూడా అందులో దొరుకుతాయి. ఒక తీర్పును తర్వాత ఏయే తీర్పులు ఉదహరించాయో ఒక్క నొక్కుతో చూపిస్తుంది. వెతకడానికి అది, ఉదహరించడానికి ఇది. ధర్మాసనం ముందు నిలబడి పేజీ నంబరు చెప్పాల్సి వచ్చినప్పుడు అధికారిక రిపోర్టు పేజీ చేతిలో ఉంటే ఆ ధీమాయే వేరు.

ఇక వెతకడం. మాటలన్నీ ఉన్నవి, ఏదో ఒక మాట ఉన్నవి, పదబంధం ఉన్నదున్నట్టుగా ఉన్నవి అని మూడు రకాలుగా వెతకొచ్చు. చట్టం పేరు, సెక్షను, జడ్జి పేరు, సంవత్సరం, సంపుటం, పేజీ పట్టుకునీ వెతకొచ్చు. ఫలితాల్లో ఒక్కో తీర్పు కింద జడ్జీల పేర్లు, తేదీ, కేసు నంబరుతో పాటు ధర్మాసనంలో ఎంతమంది ఉన్నారో కూడా ఇస్తారు. ఆ సంఖ్యను దాటేసి ముందుకు పోకండి. ఇద్దరు జడ్జీల తీర్పును పట్టుకుని ఐదుగురి తీర్పు మీదికి వాదనకు వెళ్లే మెమోరియల్స్ నా దగ్గరకు ఇప్పటికీ వస్తున్నాయి.

సెక్షను నంబరుతో వెతికేటప్పుడు మాత్రం ఇప్పుడు చాలా జాగ్రత్తగా ఉండాలి. 2024 జులై 1 నుంచి పాత ఐపీసీ, సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్), సాక్ష్య చట్టాల స్థానంలో భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియమ్ అమల్లోకి వచ్చాయి. పాత సీఆర్‌పీసీలో 482 అంటే హైకోర్టు స్వతఃసిద్ధ అధికారాలు, అంటే ఎఫ్ఐఆర్ కొట్టేయమని వేసే పిటిషన్లు. కొత్త సురక్షా సంహితలో 482 అంటే ముందస్తు బెయిల్. పాత 438 ఇప్పుడు 482 అయింది, పాత 482 ఇప్పుడు 528 అయింది. ముందస్తు బెయిల్ మీద అసైన్‌మెంటు రాస్తూ 482 అని కొడితే భజన్‌లాల్ కేసు, దాని వెనకే ఎఫ్ఐఆర్ రద్దు కేసులన్నీ వరస కడతాయి. కాబట్టి ఒట్టి నంబరుతో వెతకొద్దు. చట్టం పేరు కూడా ఇవ్వండి, పాత నంబరుతో ఒకసారి, కొత్త నంబరుతో ఒకసారి చూడండి. కొత్త సెక్షను ఖచ్చితమైన పాఠం కావాలంటే ఇండియా కోడ్ సైటులో చట్టం మొత్తం ఉచితంగా ఉంది.

ఇంకో సంగతి, ఇది ఇంకా ముఖ్యం. రిపోర్టు పేజీకి తన తర్వాత ఏం జరిగిందో తెలియదు. 1996లో రిపోర్టయిన సలావుద్దీన్ కేసు ముందస్తు బెయిల్‌కు కాలపరిమితి ఉండాలంది. ఆ తీర్పు తెరిస్తే ఇప్పటికీ అదే మాట, అంతే గట్టిగా కనిపిస్తుంది. 1980లోనే సిబ్బియా కేసులో ఐదుగురు జడ్జీలు ముందస్తు బెయిల్‌ను అలా బిగించొద్దన్నారు. 2020లో సుశీలా అగర్వాల్ కేసులో మళ్లీ ఐదుగురు కూర్చుని, కాలపరిమితి పెట్టడం మామూలు నియమం కాదని తేల్చి సలావుద్దీన్‌ను పక్కన పెట్టారు. దీన్ని పట్టుకోవడానికి నేను పిల్లలకు నేర్పే పద్ధతి ఒకటుంది. వాడుకోవాలనుకున్న తీర్పులో కక్షిదారు పేరును పదబంధంగా ఇచ్చి మళ్లీ వెతకాలి. కొత్తవి పైకి వచ్చేలా చూసుకుని, ధర్మాసనం పెద్దదిగా ఉన్నవాటిని ముందు తెరవాలి. డబ్బు కట్టే డేటాబేసుల్లో ఈ పని ఎడిటర్లు చేసి పెడతారు, వాటి ఖరీదు చాలావరకు అందుకే. మీ కాలేజీ లైబ్రరీకి చందా ఉంటే వదులుకోకండి. లేకపోతే ఈ పద్ధతితో ఇంకొంచెం ఎక్కువసేపు కూర్చోవాలి, అంతే.

తెలుగు మీడియంలో డిగ్రీ చేసి లాలో చేరినవాళ్లకు ఒక శుభవార్త. 2023 రిపబ్లిక్ డే నుంచి ప్రాంతీయ భాషల్లో తీర్పుల అనువాదాలను కూడా పెడుతున్నారు, అందులో తెలుగూ ఉంది. భాష అక్కడక్కడా బిగుసుకుపోయి ఉంటుంది, వాక్యం రెండుసార్లు చదవాల్సి వస్తుంది. అయినా ముందు తెలుగులో కథ, వివాదం పట్టుకుని తర్వాత ఇంగ్లిష్ తీర్పు తెరిచినవాళ్లు క్లాసులో నోరు విప్పి మాట్లాడటం నేను చూస్తున్నాను. ఒకటే షరతు. అనువాదం అర్థం చేసుకోవడానికి మాత్రమే, ఆ హెచ్చరిక అనువాదంలోనే ఉంటుంది. ప్రామాణికం ఇంగ్లిష్ తీర్పు. మెమోరియల్‌లో కోట్ చేయాల్సింది దాన్నే.

కృత్రిమ మేధను అడిగి కేసులు తెచ్చుకునేవాళ్లకూ ఈ సైటు అవసరమే. 2023లో న్యూయార్క్‌లో చాట్‌జీపీటీ పుట్టించిన లేని కేసులను కోర్టులో దాఖలు చేసినందుకు లాయర్లకు 5,000 డాలర్ల జరిమానా పడింది. సుప్రీంకోర్టు కేసు అని ఎవరు చెప్పినా, ఏది చెప్పినా, ముందు పేరు ఇక్కడ కొట్టి చూడండి. పేజీ కళ్లతో చూసేదాకా ఫుట్‌నోట్‌లో పెట్టకండి.

లోటుపాట్లూ ఉన్నాయి. వెతకడానికి క్యాప్చా కొట్టాలి, ఫోన్‌లో అది విసుగే. రిపోర్టు కాని తీర్పులు, రోజువారీ ఉత్తర్వులు ఇక్కడ ఉండవు, వాటికి సుప్రీంకోర్టు ప్రధాన వెబ్‌సైటులో కేసు నంబరుతో వెతకాలి. సంపుటాలు వరసగా తిరగేయాలనుకునేవాళ్లకు 2024 జనవరిలో డిజి ఎస్‌సిఆర్ అని వేరుగా తెచ్చారు. 1950 నుంచి అప్పటిదాకా వచ్చిన 519 సంపుటాలు, 36,308 కేసులు అందులో పెట్టారు. ఒక సంవత్సరం, ఒక సంపుటం తెరిచి లైబ్రరీలో బీరువా ముందు నిలబడి చూసినట్టు చూసుకోవచ్చు, రాజ్యాంగ చట్టం చదివేవాళ్లకు 1950ల సంపుటాలు అలా చూడమని చెబుతాను.

హైకోర్టు తీర్పులు కావాలంటే మాత్రం ఈ-కోర్ట్స్ వాళ్ల తీర్పుల పోర్టల్‌కు వెళ్లండి, వెతికే తీరు ఇంచుమించు ఇలాగే ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పాత తీర్పులకు ఏఎల్‌టీ (ఆంధ్రా లా టైమ్స్), ఏఎల్‌డీ (ఆంధ్రా లీగల్ డెసిషన్స్) సంపుటాలు ఇప్పటికీ కావాల్సి వస్తాయి. కాలేజీలో లేకపోతే బార్ అసోసియేషన్ లైబ్రరీలో ఉంటాయి, మీ సీనియర్‌ను వెంటబెట్టుకుని వెళ్లి అడగండి.