ఒంగోలులో పంతులుగారి కోసం ఒక పూట

టంగుటూరి ప్రకాశం పంతులు విగ్రహం చూడ్డానికని ఒంగోలులో రైలు దిగాలా అని అడిగితే, అదొక్కటే అయితే అక్కర్లేదంటాను. ఆయన పుట్టిన వినోదరాయునిపాలెం కూడా కలుపుకుంటే మాత్రం ఒక పూట పెట్టొచ్చు.

విగ్రహం కలెక్టరేట్ దగ్గరుంది. ఆ భవనం పేరు ప్రకాశం భవన్. జిల్లాకు 1972లో ఆయన పేరే పెట్టారు, కొత్తగా వచ్చిన యూనివర్సిటీకి ఆయన బిరుదు ఆంధ్రకేసరి పెట్టారు. మేం వెళ్ళింది సోమవారం, అంటే అర్జీల రోజు. ఆటో నిలపడానికే చోటు లేదు. విగ్రహం మెడలో పాత దండ ఉంది, పూలు రాలిపోయి దారం, జరీ మిగిలాయి. పక్కన చెట్టు నీడలో ఒకాయన మోకాలి మీద ప్యాడ్ పెట్టుకుని ఒక ముసలమ్మకు అర్జీ రాసిస్తున్నాడు. "సర్వే నంబరు చెప్పమ్మా" అంటే, "పాస్‌బుక్కులో ఉంటది, నువ్వే చూడు నాయనా" అంటోంది. బారిస్టరుగా సంపాదించిందంతా ఉద్యమానికీ స్వరాజ్య పత్రికకీ ధారపోసిన మనిషి విగ్రహం దగ్గర ఈ దృశ్యం నాకు బాగా నచ్చింది. ప్రశాంతంగా ఫొటోలు కావాలంటే ఆదివారం వెళ్ళండి. ఆగస్టు 23న జయంతికి వెళ్తే తాజా దండలుంటాయి, ఉపన్యాసాలూ ఉంటాయి.

బస విషయానికొస్తే, బస్టాండ్ దగ్గర మేం దిగిన లాడ్జిని ఎవరికీ చెప్పను. ఆన్‌లైన్‌లో చూపించిన గది వేరు, ఇచ్చిన గది వేరు. గీజరు గోడకుంది గానీ వేడినీళ్ళు బకెట్‌తోనే వచ్చాయి. రాత్రంతా బస్సుల హారన్లు. మరో రెండు మూడొందలు ఎక్కువైనా కర్నూలు రోడ్డు వైపు చూసుకోవడం మేలు.

భోజనానికి మాత్రం ఢోకా లేదు. మెస్సుల్లో ముద్దపప్పు, గోంగూర, నెయ్యి అడక్కుండానే మళ్ళీ వడ్డిస్తారు. తండ్రి పోయాక ప్రకాశంగారి తల్లి సుబ్బమ్మ పిల్లల్ని పెంచడానికి పూటకూళ్ళ ఇల్లు నడిపింది ఈ ఒంగోలులోనే. ఆ రోజుల్లో పూటకూళ్ళ ఇల్లంటే లోకానికి చిన్నచూపు. ఆ ఇల్లు ఎక్కడుండేదని మెస్సు యజమానిని అడిగితే ఆయనే నన్ను ఎదురు అడిగాడు. నన్నడిగితే విగ్రహం పెట్టాల్సింది ఆవిడకి కూడా.

వినోదరాయునిపాలెం నాగులుప్పలపాడు మండలంలో ఉంది. బస్సుల కోసం కాచుకోకుండా రానూపోనూ ఆటో మాట్లాడుకోండి, వెయిటింగ్ చార్జీ ముందే తేల్చుకోండి. మా డ్రైవరు మొదట వేరే పాలెం అనుకుని, "పంతులుగారి ఊరా! అట్టా చెప్పొచ్చు గదా సార్" అన్నాడు. ఊళ్ళో టికెట్టు, గైడు, కాఫీ హోటల్ లాంటివేవీ ఆశించకండి, నీళ్ళు వెంట తీసుకెళ్ళండి. మామూలు పల్లెటూరు. అరుగు మీద కూర్చున్న పెద్దాయన, "యాడ్నించి వచ్చారు? ఎవురి తాలూకు?" అని ఆరా తీసి, మంచినీళ్ళు ఇప్పించాకే కబుర్లు మొదలెట్టాడు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకులకు రొమ్ము చూపిన ఘట్టాన్ని తను అక్కడే నిలబడి చూసినట్టే చెప్పాడు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారన్నది మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేశాడు.

ఎండాకాలం వద్దు. మాటవరసకి చెప్పట్లేదు. 1957లో ప్రకాశంగారు ఒంగోలు ప్రాంతంలో పర్యటిస్తూ వడదెబ్బ తిని, మే 20న హైదరాబాదులో కన్నుమూశారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా తిరగొచ్చు.

అదే మండలంలో చదలవాడ ఉంది, రఘునాయక స్వామి గుడి, ఒంగోలు జాతి పశువుల ప్రభుత్వ క్షేత్రం ఉన్న ఊరు. పిల్లలుంటే విగ్రహం కంటే ఆ తెల్లటి గిత్తలే గుర్తుంటాయి. క్షేత్రం లోపలికి వెళ్ళాలంటే సిబ్బంది అనుమతి అడగాలి. కొత్తపట్నం బీచ్ కూడా అదే రోజు పెట్టుకుంటే అన్నీ హడావిడే, దాన్ని వదిలేయండి. ఆ టైముతో ఊళ్ళోకి తిరిగొచ్చి అల్లూరయ్య మైసూర్‌పాక్ కట్టించుకోండి. సాయంత్రం రద్దీ ఎక్కువ, రైలు టైముకి అరగంట ముందుగా వెళ్తేనే దొరుకుతుంది.