హుస్ బోధించిన గోడలు, హుస్ కాలిన నేల

చెక్ రాజధాని ప్రాగ్ పాత పట్టణ కూడలిలోని మతసంస్కర్త యాన్ హుస్ విగ్రహాన్ని ఆయన మరణానికి సరిగ్గా 500 ఏళ్లు నిండిన 1915 జూలై 6న ఆవిష్కరించారు. మేము అక్కడ ఎక్కువసేపు నిలవలేదు. విగ్రహం ఆయన కీర్తిని చూపిస్తుంది గానీ, ఆయన చేసిన పనిని చూడాలంటే పది నిమిషాలు నడిచి బేత్లెహేము ప్రార్థనాలయానికి వెళ్లాలి.

చెక్ భాషలో ప్రసంగాలు చేయడం కోసమే 1391లో స్థాపించిన ఆ మందిరంలో హుస్ 1402 నుంచి బోధించాడు. సుమారు మూడు వేల మంది పట్టే ఆ హాలులో మతాధికారుల ధనాశను, పాపక్షమాపణ పత్రాల అమ్మకాన్ని జనానికి అర్థమయ్యే మాటల్లో ఖండించాడు. ఇప్పుడు కనిపించే కట్టడంలో ఎక్కువ భాగం 1950ల నాటి పునర్నిర్మాణమే. ఇది కొందరిని నిరాశపరచవచ్చు గానీ, మిగిలిన పాత గోడల మీద ఆయన కాలపు రాతల శకలాలు ఇంకా ఉన్నాయి. అనువాదం చేయించుకుంటూనైనా గోడల ముందు గంటసేపు గడపమని నా మనవి.

బసకు మాత్రం ప్రాగ్ నడిబొడ్డు నాకు నచ్చలేదు. గదుల అద్దె ఎక్కువ, రాత్రి రెండింటి దాకా వీధిలో కేకలు. రైలులో సుమారు గంటన్నర దూరంలో ఉన్న తాబోర్‌లో రెండు రాత్రులు ఉన్న చిన్న అతిథిగృహం అంతకంటే ఎంతో మేలు. లిఫ్టు లేకపోవడం వల్ల మా అమ్మకు మెట్లు ఎక్కడం కష్టమైంది కానీ, శాకాహారులమని చెప్పగానే యజమానురాలు ఉదయం ఫలహారానికి రొట్టె, చీజ్, పండ్లు విడిగా అమర్చిపెట్టింది. హుస్ అనుచరులు 1420లో స్థాపించిన ఊరు ఇది. అక్కడి హుస్సైట్ మ్యూజియం తప్పక చూడదగినది. ప్రాగ్ విడిచి వెళ్లాక హుస్ ఆశ్రయం పొందిన కోజీ హ్రాదెక్ కోట శిథిలాలకు ఊరి నుంచి అడవిదారిన నడిచి వెళ్లాం. చూడడానికి రాళ్లే మిగిలినా, చుట్టుపక్కల పల్లెవాళ్లకు ఆయన ఆరుబయట బోధించింది ఈ ప్రాంతంలోనే అని తలచుకుంటే ఆ నడక అలసట అనిపించలేదు.

మ్యూనిక్‌లో రైలు మారి జర్మనీలోని కాన్‌స్టాంజ్ చేరేసరికి పొద్దుపోయింది. మేము బుక్ చేసుకున్న హోటల్లో ఆ వేళకు రిసెప్షన్ మూసి ఉంది, తలుపు కోడ్ కోసం ముప్పావుగంట బయటే నిలబడ్డాం. ఆలస్యంగా చేరేవారు ముందే ఫోను చేసి చెప్పడం మంచిది.

సిగిస్మండ్ రాజు అభయపత్రం ఇచ్చినా హుస్‌ను ఇక్కడి క్రైస్తవ మతాధికారుల మహాసభ నిర్బంధించి, మతద్రోహిగా తేల్చి కాల్పించింది. ఆయన్ను కొంతకాలం బంధించిన, దీవిలోని డొమినికన్ మఠం ఇప్పుడు ఖరీదైన హోటలు. ఆ సంగతి విన్నాక మాకు లోపలికి వెళ్లి కాఫీ తాగాలనిపించలేదు. హుస్ వీధిలోని చిన్న మ్యూజియం ఆయన కథను సభక్తికంగా చెబుతుంది.

అన్నిటికంటే నన్ను కదిలించింది ఆయన్ను కాల్చిన చోటు గుర్తుగా 1862లో నిలిపిన పెద్ద బండరాయి. ఒకవైపు హుస్ పేరు, మరోవైపు మరుసటి ఏడు అలాగే కాలిన ఆయన సహచరుడు ప్రాగ్ జెరోమ్ పేరు చెక్కి ఉన్నాయి. అనుచరులకు ఏ ఆనవాలూ మిగలకూడదని హుస్ బూడిదను రైన్ నదిలో కలిపేశారు. అందుకే సమాధి లేదు. మరునాడు రైలెక్కే ముందు మా అమ్మ అడిగితే మళ్లీ అక్కడికే వెళ్లి, రాయి పాదం దగ్గర పూలు పెట్టి వచ్చాం.