ఓమ్నీకి కొత్త డైనమో: ఏళ్ల తరబడి వాడాక చెబుతున్న మాట

పాత మారుతి ఓమ్నీ వ్యాన్‌లో డైనమో (బండి నడుస్తుంటే బ్యాటరీకి ఛార్జింగ్ ఇచ్చే ఆల్టర్నేటర్) పోయింది, రిపేరు చేయించనా, కొత్తది వేయించనా అని ఎవరు అడిగినా నేను కొత్తదే వేయించమంటాను. అది కూడా కంపెనీ స్పేరే. రిపేరు పనికి విలువ లేదని కాదు. డైనమో ఉన్న చోటు అలాంటిది. మామూలు కార్లలో బానెట్ ఎత్తగానే కళ్లెదుట ఉంటుంది, రెండు బోల్టులు విప్పితే చేతికొస్తుంది. ఓమ్నీకి ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది. పైనుంచి చూస్తే డైనమో సగమే కనిపిస్తుంది, మిగతా పని బండి కింద పడుకుని చేయాలి. రిపేరు చేసింది ఆర్నెల్లకు మళ్లీ పోతే ఆ విప్పుడు, బిగింపు అంతా మొదటికొస్తుంది, కూలీతో సహా.

మాది 2008 మోడల్. మేము వంటల కాంట్రాక్టు చేస్తాం, గుడివాడ చుట్టుపక్కల ఊళ్లన్నీ దానిలోనే తిరుగుతాం. ముహూర్తాల రోజుల్లో గిన్నెలు, స్టవ్వులు ఎక్కించుకుని తెల్లవారుజామున బయల్దేరితే అర్ధరాత్రి దాటాక ఇంటికి రావడం. అంటే లైట్లు వేసుకుని నడిపేదే ఎక్కువ. డైనమో మీద అసలు బరువు అక్కడే పడుతుంది. మామూలు హెడ్‌లైట్లు రెండూ కలిపి 110 వాట్లు, అంటే సుమారు 9 ఆంపియర్లు. వెలుగు చాలడం లేదని చాలామంది 100/90 వాట్ల బల్బులు వేయించుకుంటారు, అప్పుడు 15 ఆంపియర్ల దాకా లాగేస్తాయి. పెట్రోలు పంపు, ఇగ్నిషన్, వైపర్లు, పాటల సెట్టు దీనికి అదనం. ఓమ్నీ డైనమో చిన్నది, ఇంత బరువు తోస్తే వేడెక్కకుండా ఎలా ఉంటుంది!

మొదటిసారి పోయినప్పుడు రిపేరే చేయించాం. కార్బన్లు (తిరిగే రింగులకు రుద్దుకుంటూ కరెంటు అందించే ముక్కలు), ఒక బేరింగ్, కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడ్లుండే ప్లేటు మార్చారు. బాగానే నడిచింది, వానాకాలం దాటేసరికి మళ్లీ మొదలైంది. పాటల సెట్టులో ఈల లాంటి శబ్దం, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఆ ఈల పెరగడం. డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ లైటు పూర్తిగా ఆరకుండా సన్నగా మిణుకుమంటూ ఉండేది. రాత్రి బాగున్న బ్యాటరీ పొద్దున సెల్ఫ్ కొట్టేది కాదు. ఈ మూడూ కలిసి కనిపిస్తే డయోడ్ల మీద అనుమానపడాలి. డయోడు షార్ట్ అయితే బండి ఆపేసి ఉన్నా కరెంటు డైనమోలోకి వెనక్కి కారిపోతూ ఉంటుంది. బ్యాటరీ పాడైందని కొత్త బ్యాటరీ కొని, అదీ పోగొట్టుకున్నవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు.

పరీక్షకు ఖరీదైన సామాను అక్కర్లేదు, మామూలు మల్టీమీటర్ చాలు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు, స్టార్ట్ చేశాక 13.8 నుంచి 14.5 మధ్య చూపాలి. స్టార్ట్ చేశాక కూడా 12 దగ్గరే ఉంటే ఛార్జింగ్ లేదు. 15 దాటితే వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయింది, బ్యాటరీ ఉడికిపోతుంది, బల్బులు టపటపా పోతాయి. ఇంజిన్ తిరుగుతుంటే బ్యాటరీ వైరు పీకి చూసే అలవాటు కొందరికి ఇంకా ఉంది. దయచేసి ఆ పని చేయనివ్వకండి. ఒక్కసారిగా వోల్టేజి ఎగిరి, బాగున్న డయోడ్లు, ఇంజిన్ కంప్యూటర్ కూడా పోతాయి.

మా మేస్త్రి పద్ధతి నాకు బాగా నచ్చింది. డైనమో జోలికి వెళ్లకముందే, "ఆగండి బాబాయ్, ముందు ఎర్త్ చూద్దాం" అన్నాడు. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి వెళ్లే ఎర్త్ వైరు తుప్పు పట్టినా, బ్యాటరీ లైటు బల్బు మాడిపోయినా ఛార్జింగ్ రాదు. కీ తిప్పినప్పుడు ఆ లైటు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే ముందు ఆ బల్బు, ఆ వైరు చూడాలి. చాలా డైనమోలు ఆ చిన్న బల్బు గుండా వచ్చే కరెంటుతోనే నిద్ర లేస్తాయి. మా బండిలో ఇవన్నీ బాగానే ఉన్నాయి, కాబట్టి విప్పక తప్పలేదు.

ముందుగా బ్యాటరీ నెగటివ్ తీసేశాడు. డైనమో వెనక ఉండే లావు వైరులో కీ తీసేసినా కరెంటు ఉంటుంది, స్పానర్ బాడీకి తగిలిందా నిప్పులే. సీటు ఎత్తి, రబ్బరు మ్యాటు, మూత తీశాక చెయ్యి మోచేతి దాకా లోపలికి పోతుంది కానీ కన్ను పోదు. అంతా తడిమి చూసుకోవడమే. రింగు స్పానర్ పావు చుట్టు తిరుగుతుంది, తీసి మళ్లీ పెట్టాలి, మళ్లీ పావు చుట్టు. బెల్టు టెన్షన్ పెట్టే పై బోల్టు తేలిగ్గానే వచ్చింది. కింది పొడుగు బోల్టు మాత్రం వానలకు, రోడ్డు బురదకు తుప్పు పట్టి కదలనంది. దానికి ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచడం ఎంత మంచిదయిందో చెప్పలేను. బలవంతంగా తిప్పి బోల్టు తెగితే, ఆ ఇరుకులో ముక్క తీయడం నరకం.

అది ఊడాక కూడా ఒక చిక్కు ఉంది. కొత్త డైనమో బ్రాకెట్ మధ్యలోకి దూరనే దూరలేదు. సామాను తేడా అనుకుని షాపుకి పరుగెత్తక్కర్లేదు. డైనమో చెవిలో, అంటే బోల్టు దూరే కన్నంలో, గొట్టం లాంటి చిన్న ఇనుప బుష్ ఉంటుంది, బోల్టు బిగించినప్పుడు అది జరిగి బ్రాకెట్‌ని గట్టిగా పట్టుకుంటుంది. దాన్ని సుత్తితో మెల్లగా కాస్త వెనక్కి తడితే సందు దొరుకుతుంది. మేస్త్రి అలా తట్టగానే డైనమో తన చోట్లో కూర్చుంది.

అప్పుడే ఫ్యాన్ బెల్టు కూడా కొత్తది వేయించాను. ఓమ్నీలో వాటర్ పంపు కూడా ఆ బెల్టుతోనే తిరుగుతుంది. బెల్టు తెగితే ఛార్జింగ్ ఒక్కటే కాదు, నీళ్లు తిరగడం ఆగి ఇంజిన్ కాగిపోతుంది. ఎలాగూ అంతా విప్పాక ఆ కొద్ది డబ్బుకి వెనకాడటం తెలివైన పని కాదు. కొత్త బెల్టు కొన్నాళ్లకు సాగుతుంది, ఒకసారి మళ్లీ బిగించాలి. బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు సెంటీమీటరు లోపలికి పోతే సరిపోతుంది. మరీ బిగిస్తే డైనమో బేరింగు, పంపు బేరింగు రెండూ అరిగిపోతాయి. ఇంకో జాగ్రత్త, పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని కొత్త డైనమోతో నింపకూడదు. మేము బ్యాటరీని షాపులో ఛార్జింగ్ పెట్టించి తెచ్చాకే స్టార్ట్ చేశాం.

ఇక ఇన్నేళ్ల వాడకం గురించి. కొత్తదానికి రిపేరు ఖర్చుకి దాదాపు మూడింతలు అయింది, ఆ రోజు బాధనిపించింది. తర్వాత ఒక్క పెళ్లికి కూడా బండి మొరాయించలేదు. రోహిణీ కార్తె ఎండల్లో, సీటు కింద ఇంజిన్ వేడికి మనమే కూర్చోలేని రోజుల్లో కూడా ఛార్జింగ్ తగ్గలేదు. ఇప్పటికీ మీటర్ పెడితే 14.2 చూపిస్తుంది, లైట్లు, వైపర్లు వేసి ఐడిలింగ్‌లో ఉంచితే 13.5 పైనే. మధ్యలో ఒక్కసారి కార్బన్లు మార్పించాం, అది అరుగుదల సామాను కాబట్టి దాన్ని లోపంగా లెక్కపెట్టను.

నచ్చనివీ ఉన్నాయి. గట్టి వానలో నీళ్లలోంచి వెళ్తే బెల్టు కాసేపు కీచుమంటుంది. డైనమో రోడ్డుకి దగ్గరగా ఉండటం వల్ల బురద, నీళ్లు దాని మీదే పడతాయి, దీనికి కొత్తదైనా పాతదైనా ఒకటే. అందుకే వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు సీటు కింద ప్రెషర్ గన్ పెట్టవద్దని నేను పక్కనుండి మరీ చెబుతాను. ఇంకోటి, అచ్చం కంపెనీ డబ్బాలా కనిపించే నకిలీ స్పేర్లు. బిల్లు ఇవ్వనంటే ఆ షాపులో కొనకండి.

రిపేరు ఎప్పుడు చేయించవచ్చు? కార్బన్లు ఒక్కటే అరిగి, అవి రుద్దుకునే రాగి రింగులు గాడులు పడకుండా నున్నగా ఉంటే నిశ్చింతగా చేయించండి. విజయవాడ ఆటోనగర్‌లో ఆ పని చేతిలో పెట్టినట్టు చేసిచ్చేవాళ్లు ఉన్నారు. లోపలి తీగ చుట్టలు (వైండింగ్) నల్లబడి మాడు వాసన వస్తే మాత్రం దాని మీద డబ్బు పెట్టవద్దు. ఓమ్నీ తయారీ 2019లో ఆగిపోయినా, 1984 నుంచి రోడ్ల మీద తిరిగిన బండి కాబట్టి స్పేర్లకు కరువు లేదు.

సెకండ్ హ్యాండ్ ఓమ్నీ చూడటానికి వెళ్లేవాళ్లు జేబులో మీటర్ పెట్టుకెళ్లండి. స్టార్ట్ చేసి, లైట్లన్నీ వేయించి, బ్యాటరీ దగ్గర ఎంత చూపిస్తుందో చూడండి. 13 కూడా రాకపోతే కొత్త డైనమో, బెల్టు, ఒక రోజు కూలీ, ఈ మూడూ లెక్కేసి ఆ మేరకు ధర తగ్గించమని అడగండి.