వర్క్‌షాప్ ట్రాలీలకు క్యాస్టర్లు: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

టూల్ ట్రాలీ, కంప్రెసర్, డ్రిల్ మెషిన్ స్టాండు, వెల్డింగ్ బల్ల... నా వర్క్‌షాప్‌లో ఇవన్నీ క్యాస్టర్ల మీదే, అంటే కాళ్ల కింద బిగించే చక్రాల మీదే ఉంటాయి. రబ్బరు, నైలాన్, పాలీయురేథేన్ (రబ్బరులా సాగే గట్టి ప్లాస్టిక్) రకాలు మూడూ ఒకే నేల మీద ఏళ్లుగా పనిచేస్తున్నాయి. కొనేవాళ్లు చక్రం దేనితో చేశారని మొదట అడుగుతారు. నన్నడిగితే చక్రం పైన ఉండి దాన్ని ఎటైనా తిరగనిచ్చే స్వివెల్ హెడ్డును ముందు చూడాలి. చక్రం అరిగితే ఇంకా కొంతకాలం నెట్టుకురావచ్చు, హెడ్డు లూజైతే బండి చెప్పినమాట వినదు.

హెడ్డులో బేరింగ్ బాల్స్ (స్టీలు గుండ్లు) రెండు వరసలు ఉండాలి. ఒకే వరస ఉన్నవాటిలో బరువంతా ఆ వరస మీదే పడి హెడ్డు వదులైపోతుంది, తోసేటప్పుడు చక్రం అటూ ఇటూ కొట్టుకుంటుంది. గ్రైండింగ్ దుమ్ము లోపలికి చేరితే ఇంకా త్వరగా పాడవుతుంది. గ్రీజు నిపుల్ (గన్నుతో గ్రీజు ఎక్కించే చిన్న మూతి) ఉన్న రకం దొరికితే వదలకండి. కొత్త గ్రీజు ఎక్కిస్తే పాత గ్రీజుతో పాటు ఆ దుమ్మూ బయటికి వచ్చేస్తుంది. నా కంప్రెసర్ కింద ఉన్నవి అలాంటివే, ఇప్పటికీ వేలితో తోస్తే తిరుగుతున్నాయి.

సైజు విషయంలో పొదుపు వద్దు. 75 మిల్లీమీటర్ల చక్రానికి చిన్న బోల్టు అడ్డుపడినా చాలు, ఠక్కున ఆగుతుంది. ఎత్తైన ట్రాలీ అయితే పైభాగం ముందుకు తూలుతుంది. కాంక్రీటు జాయింట్ల మీద 125 మిల్లీమీటర్లది హాయిగా దాటిపోతుంది. అయితే బండి ఎత్తు చక్రం వ్యాసమంతే పెరుగుతుందనుకోకండి. బిగించే ప్లేటు, హెడ్డు కలిపి పైన ఇంకో 30 మిల్లీమీటర్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే వస్తుంది. కాళ్లు కోసేముందే ఆ లెక్క చూసుకోవాలి.

బరువును నాలుగుతో కాదు, మూడుతో భాగించండి. ఏ నేలా పూర్తిగా సమంగా ఉండదు, ఒక చక్రం గాల్లో ఉన్నప్పుడు మిగతా మూడే మోస్తాయి. సామాన్లతో కలిపి 300 కిలోలైతే ఒక్కో క్యాస్టర్ 100 కిలోలు మోయగలగాలి.

ఇక చక్రం సంగతి. రబ్బరు చప్పుడు చేయదు, గరుకు నేల మీద సుఖంగా పోతుంది. కానీ నూనె తగిలితే ఉబ్బుతుంది, బరువుతో చాలాకాలం ఒకేచోట నిలబడితే కింద చదునైపోతుంది. నైలాన్‌కు నూనె బాధ లేదు, ఎంత బరువున్నా తేలిగ్గా దొర్లుతుంది. దాని మోత మాత్రం భరించలేం, టైల్స్ మీద గీతలు కూడా పడతాయి. నేను ఎక్కువగా వాడేది పోత ఇనుము చక్రానికి పాలీయురేథేన్ పొర ఉన్నది. దీనికీ లోపాలున్నాయి. డ్రిల్లింగ్ రజను పొరలోకి దిగబడుతుంది, అప్పుడప్పుడు స్క్రూడ్రైవరుతో పీకాలి. కొన్ని రకాల పాలీయురేథేన్ తేమకు ఏళ్ల తర్వాత పెచ్చులూడుతుంది. వెల్డింగ్ బల్ల కింద మాత్రం ఉత్త పోత ఇనుము చక్రాలే పెట్టాను, నిప్పురవ్వలు పడినా వాటికేమీ కాదు.

బ్రేకు గురించి గట్టిగా చెప్పాలి. మామూలు బ్రేకు చక్రాన్ని పట్టుకుంటుందే గానీ హెడ్డును పట్టుకోదు. వైసులో ముక్క బిగించి ఆకురాయి వేస్తుంటే బల్ల హెడ్డు చుట్టూ ఊగుతూనే ఉంటుంది. చక్రాన్నీ హెడ్డునూ ఒకేసారి బిగించే టోటల్ లాక్ రకమే తీసుకోండి. సుత్తి పని చేసే బల్లకు అదీ చాలదు, స్క్రూతో నేలకు దించే కాళ్లు విడిగా ఉండాలి. ఇంకో చిన్న ఇబ్బంది: పెడల్ బండి కిందికి తిరిగిపోతే కాలికి అందదు. ఆపే ముందు బండిని కాస్త లోపలివైపు తోస్తే పెడల్ బయటికి వస్తుంది.

పొడవైన ట్రాలీకి ముందు రెండు ఫిక్స్‌డ్ (పక్కకు తిరగనివి), హ్యాండిల్ వైపు రెండు తిరిగేవి పెడితే తిన్నగా పోతుంది. ఇరుకు చోట నాలుగూ తిరిగేవే మేలు.

బిగించడానికి నాలుగు బోల్టుల ప్లేటు రకమే నాకు నమ్మకం. గొట్టంలో దూర్చే కాడ రకం బరువుకు వంగుతుంది. నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉన్నవి) వేయండి, మామూలు నట్లు అదురుకు వదులవుతాయి. ప్లేటు రంధ్రాల దూరం తయారీదారును బట్టి మారుతుంది కాబట్టి, చక్రాలు చేతికొచ్చాకే డ్రిల్లు పట్టుకోండి. అదే సెట్టులో ఒకటి అదనంగా కొని దాచుకుంటే, తర్వాత మార్చాల్సి వచ్చినప్పుడు కొత్త రంధ్రాల అవసరం ఉండదు.