పరాయి ఊళ్లలో గెలిచిన జట్టు వెంట: 2023 టెక్సస్ రేంజర్స్

టెక్సస్ రేంజర్స్ బేస్‌బాల్ జట్టు 2023లో తొలిసారి వరల్డ్ సిరీస్, అంటే అమెరికా బేస్‌బాల్ లీగ్ ఫైనల్, గెలిచింది. ఆ ప్లేఆఫ్స్‌లో (సీజన్ ముగిశాక జరిగే నాకౌట్ సిరీస్‌లలో) సొంత మైదానంలో ఆరు ఆటలు ఆడి రెండే గెలిచిన జట్టు, పరాయి ఊళ్లలో పదకొండు ఆడి పదకొండూ గెలిచింది. ఇర్వింగ్‌లో ఉండే నేనూ, మా తోడల్లుడూ ఆ అక్టోబరంతా ఆటల వెంట తిరిగి లెక్క చూసుకుంటే, డబ్బు ఎక్కువగా ఖర్చయింది ఇంటి పక్కన, సంతోషం ఎక్కువగా దక్కింది దూరపు ఊళ్లలో అని తేలింది. ఒక జట్టును వెంబడించి వెళ్లాలనుకునేవారికి ఏ ఊరు ఎలా ఉంటుందో చెప్పడానికి ఇది రాస్తున్నాను.

1961లో వాషింగ్టన్‌లో పుట్టి 1972లో మా ఇర్వింగ్ దగ్గరి ఆర్లింగ్టన్‌కు తరలివచ్చిన ఈ జట్టుకు అప్పటిదాకా ఒక్క వరల్డ్ సిరీస్ టైటిల్ కూడా లేదు. 2011లో ఒకే రాత్రి రెండుసార్లు గెలుపుకు ఒక్క స్ట్రైక్ (బ్యాటర్ కొట్టలేకపోయిన బంతి) దూరంలోకి వెళ్లి కూడా చేజార్చుకుంది. 2021లో 102 ఆటలు, 2022లో 94 ఆటలు ఓడింది. అలాంటి జట్టును నడపడానికి, శాన్ ఫ్రాన్సిస్కోకు మూడు టైటిళ్లు తెచ్చి విశ్రాంతి తీసుకుంటున్న బ్రూస్ బోచీ ఒప్పుకున్నప్పుడు మా తోడల్లుడు ఏప్రిల్ నుంచే టికెట్లు కొనడం మొదలుపెట్టాడు. క్రికెట్‌తో పెరిగిన నేను మొదట అతని పోరు పడలేకే వెళ్లాను.

ఆర్లింగ్టన్‌లోని గ్లోబ్ లైఫ్ ఫీల్డ్ 2020లో తెరిచిన మైదానం. జూలైలో బయట నలభై డిగ్రీల ఎండ కాస్తున్నా, పైకప్పు మూసి లోపల చల్లగా ఉంచుతారు కాబట్టి పిల్లలతోనూ పెద్దవారితోనూ వెళ్లడానికి ఇంతకన్నా సుఖమైన చోటు మా ప్రాంతంలో లేదు. వారం మధ్యలో జరిగే ఆటలకు పై అంతస్తు టికెట్లు తేలికగా దొరికాయి, సిబ్బంది మర్యాదగా ఉన్నారు. లోపం రవాణాలో ఉంది. సుమారు నాలుగు లక్షల జనాభా ఉన్న ఆ ఊళ్లో నిర్ణీత మార్గాల్లో తిరిగే సిటీ బస్సులు లేవు, మైదానానికి రైలు లేదు. కారులోనే వెళ్లాలి, పార్కింగ్‌కు అడిగినంత చెల్లించాలి, ఆట ముగిశాక ఆ కారును బయటికి తీయడానికి ముప్పావుగంట ఓపిక పట్టాలి. శాకాహారికి లోపల దొరికేది నాచోలు, వేయించిన బంగాళాదుంప ముక్కలు మాత్రమేనని మాకు అనిపించింది. అదే జూలైలో పక్కనే గ్రాండ్ ప్రెయిరీలో, ఒకప్పటి బేస్‌బాల్ మైదానాన్నే మార్చి కట్టిన స్టేడియంలో, మేజర్ లీగ్ క్రికెట్ మొదలైంది. అక్కడికీ వెళ్లాం కానీ, అప్పటికే నా మనసు ఇటు తిరిగిపోయింది.

ఆగస్టు రెండో సగంలో వరుసగా ఎనిమిది ఓటములు వచ్చాయి. సీజన్ చివరి రోజున సియాటిల్‌లో 1-0తో ఓడి, 90 గెలుపులతో హ్యూస్టన్ ఆస్ట్రోస్‌తో సమానంగా నిలిచి కూడా, ఆ జట్టుతో ఆడిన ఆటల్లో వెనకబడినందుకు తమ డివిజన్‌లో (విభాగంలో) మొదటి స్థానం పోగొట్టుకుంది. దాంతో విశ్రాంతి లేకుండా దేశం ఒక మూల నుంచి మరో మూలకు, ఫ్లోరిడాకు, ఎగరవలసి వచ్చింది. అక్కడి టాంపా బే జట్టుతో తొలి ఆటకు వచ్చినవారు 19,704 మందే. టికెట్ సులువుగా దొరికే ఆ ఒక్క ఊరికి సెలవు దొరక్క మేము వెళ్లలేకపోయాం.

తర్వాతి మజిలీ బాల్టిమోర్, ఈ మొత్తం ప్రయాణంలో నేను ఎక్కువ మార్కులు వేసే ఊరు. డాలస్ నుంచి నేరుగా వెళ్లే విమానం దిగి, విమానాశ్రయంలోనే లైట్ రైలెక్కితే అరగంటలో క్యామ్డెన్ యార్డ్స్ గుమ్మం ముందు దింపుతుంది. వాషింగ్టన్ వైపు నుంచి వచ్చే మన వాళ్లు ఒక సంగతి గమనించాలి. మైదానం పక్కకే వచ్చే క్యామ్డెన్ లైన్ రైలు శని, ఆదివారాల్లో నడవదు, మాకు ఆటలు పడింది ఆ రెండు రోజుల్లోనే. హార్బర్ దగ్గరి హోటళ్ల ధరలు చూసి వెనక్కి తగ్గి, విమానాశ్రయం దగ్గర లిన్థికమ్‌లో ఒక సాదా హోటల్లో దిగాం. గది చిన్నదే కానీ శుభ్రంగా ఉంది, ఉదయం ఫలహారం అద్దెలోనే కలిసివచ్చింది, రైలు స్టేషన్ దగ్గరే ఉంది. 1992లో కట్టిన ఈ మైదానానికి అందం కుడివైపున్న పాత ఇటుకల గిడ్డంగి. దానికీ మైదానానికీ మధ్య ఉన్న యూటా వీధిలో, మైదానం దాటి వెళ్లే హోమ్ రన్ బంతులు వచ్చి పడిన చోట్ల నేలలో ఇత్తడి బిళ్లలు పొదిగారు. కొద్ది దూరంలోనే పాతతరం బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్ పుట్టిన ఇల్లు ఉంది. అన్నిటికన్నా మేము మెచ్చుకున్నది, బయటి తిండిని లోపలికి రానివ్వడం. మా మరదలు డబ్బాలో సర్ది ఇచ్చిన పులిహోరను మూడో ఇన్నింగ్స్‌లో తెరిచాం. సరిగ్గా అప్పుడే మా జట్టు మిచ్ గార్వర్ గ్రాండ్ స్లామ్ (ఒక్క దెబ్బకు నాలుగు పరుగులు) కొట్టడంతో సగం పులిహోర నేలపాలైంది. ముందు వరుసలోని, బాల్టిమోర్ జట్టు ఓరియోల్స్ అభిమాని, పాపం, కాగితపు రుమాళ్లు అందించాడు. ఆ ఆట 11-8తో గెలిచాం.

ఆర్లింగ్టన్‌కు తిరిగివచ్చి బాల్టిమోర్‌ను ముగించాక, హ్యూస్టన్‌తో ఏడు ఆటల సిరీస్ వచ్చింది. మొదటి రెండూ అక్కడ గెలిచి, తర్వాతి మూడూ ఇక్కడ ఓడారు. మేము డబ్బు పోసి వెళ్లింది ఐదో ఆటకు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో హ్యూస్టన్ ఆటగాడు ఆల్టువే కొట్టిన మూడు పరుగుల హోమ్ రన్‌తో 5-4గా ఓడిపోయాం. ఒక ప్రైవేటు పార్కింగ్ స్థలంలో ముందే డబ్బు కట్టి ఉన్నా, చోటు లేదని వెనక్కి పంపి, ఆ డబ్బు తిరిగి ఇవ్వడానికి నెల తిప్పారు.

శనివారం కారులో నాలుగు గంటలు ప్రయాణించి హ్యూస్టన్ చేరాం. దారిలో మాడిసన్‌విల్‌లో బక్కీస్ అనే పెద్ద పెట్రోలు బంకులో ఆగితే శుభ్రమైన మరుగుదొడ్లకు లోటుండదు. షుగర్ ల్యాండ్‌లో ఉండే మా పిన్ని కొడుకు ఆస్ట్రోస్ అభిమాని. బస ఉచితమే కానీ, “అన్నయ్యా, రేపటికి మీ ముచ్చట తీరిపోతుంది” అని రాత్రంతా వినవలసి వచ్చింది. ఫానిన్ సౌత్‌లో కారు ఉంచి రైలెక్కి, మధ్యలో ఒకసారి మారి, మైదానం దగ్గర దిగి కొద్ది దూరం నడిచాం. పార్కింగ్ బాధ ఏమీ లేదు. పాత యూనియన్ స్టేషన్‌ను కలుపుకొని కట్టిన ఆ మైదానంలో ఎడమవైపు సీట్లు బ్యాటర్ నిలబడే చోటుకు మరీ దగ్గరగా ఉంటాయి, చప్పుడు చెవులు చిల్లులు పడేలా ఉంటుంది. ఆరో ఆటలో నాలుగుసార్లు స్ట్రైక్ అవుట్ అయి, ప్రతిసారీ ఈలలతో గేలి చేయించుకున్న అడోలిస్ గార్సియా తొమ్మిదో ఇన్నింగ్స్‌లో గ్రాండ్ స్లామ్ కొట్టగానే ఆ మైదానం నిశ్శబ్దమైపోయింది. మర్నాడు 11-4తో సిరీస్ ముగిసింది. ఆ రాత్రి మా తమ్ముడు ఒక్క మాటా మాట్లాడలేదు, మా మరదలు మాత్రం పెరుగన్నం పెట్టి పంపింది.

వరల్డ్ సిరీస్‌లో ప్రత్యర్థి ఫీనిక్స్‌కు చెందిన అరిజోనా డైమండ్‌బ్యాక్స్. మొదటి ఆటకు ఇంటి పక్కన టికెట్ ధర చూసి, టీవీలో చూద్దామని పట్టుబట్టింది నేనే. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో కోరీ సీగర్ సమం చేసి, పదకొండులో గార్సియా గెలిపించాక మా తోడల్లుడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తప్పు దిద్దుకోవడానికి, నాలుగో ఆట గెలిచిన రాత్రే ఫీనిక్స్‌కు విమానం టికెట్లు కొన్నాను. అక్కడ విమానాశ్రయం నుంచి ఉచిత స్కై ట్రైన్, దాని నుంచి లైట్ రైలు చేజ్ ఫీల్డ్ పక్కకే చేరుస్తాయి. అద్దె కారు అక్కర్లేదు. టెంపీలో రైలు దారిలోనే బస తీసుకున్నాం కానీ, ముందే ఖాయం చేసుకున్న గది తమ పుస్తకంలో లేదని అర్ధరాత్రి దాటాక చెప్పిన హోటల్ అది.

గార్సియా గాయంతో ఆడని ఆ ఐదో ఆటలో అరిజోనా తరఫున బంతి విసిరిన జాక్ గాలెన్ ఆరు ఇన్నింగ్స్ దాకా రేంజర్స్‌కు ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. ఏడో ఇన్నింగ్స్‌లో సీగర్ మొదటిది సాధించాడు, గార్వర్ ఒక పరుగు తెచ్చాడు, తొమ్మిదిలో మరో నాలుగు వచ్చాయి. చివరి స్ట్రైక్ పడ్డాక ఎర్ర చొక్కాల జనం మధ్య నీలి టోపీలతో నిలబడిన మాకు అక్కడివారే ఫోటో తీసిపెట్టారు. గది లేదని తెలిసేసరికి రెండు గంటలు కావస్తోంది కాబట్టి, తెల్లవారు విమానం దాకా ఎయిర్‌పోర్టు బెంచీల మీదే కూర్చున్నాం. మా తోడల్లుడు మాత్రం టోపీ ముఖం మీద కప్పుకొని హాయిగా నిద్రపోయాడు.