డిశ్చార్జి హోదా మార్పు: రివ్యూ బోర్డా, సవరణ బోర్డా?

దుష్ప్రవర్తన కారణంగా అమెరికా సైన్యం నుంచి 'అదర్ దేన్ ఆనరబుల్' (గౌరవప్రదం కాని డిశ్చార్జి, అంటే విడుదల) ముద్రతో బయటికి వచ్చినవారికి ఆ ముద్ర మార్పించుకునే దారులు రెండున్నాయి. డిశ్చార్జి అయి 15 ఏళ్లు దాటకపోతే ముందు డిశ్చార్జి రివ్యూ బోర్డుకే వెళ్లమంటాను. దరఖాస్తు డీడీ 293 ఫారంలో చేయాలి. కోరితే సభ్యుల ఎదుట స్వయంగా మాట్లాడే హక్కు ఉంటుంది, అదే దీని బలం. యుద్ధం నుంచి తిరిగొచ్చి, నిద్రపట్టక, మత్తుకు అలవాటుపడి విధులకు రాని మనిషి గోడు సర్వీసు రికార్డులో 'మాదకద్రవ్యాల వాడకం' అన్న ఒక్క ముక్కతో ముగిసిపోతుంది. అతని నోట వింటే వేరు. పీటీఎస్‌డీ (తీవ్ర ఆఘాతం తర్వాత వచ్చే మానసిక రుగ్మత), లైంగిక దాడి వంటివి ఆ తప్పుకు దారితీశాయా అన్నది ఉదారంగా పరిశీలించాలని అమెరికా రక్షణ శాఖ మార్గదర్శకమైన 2017 నాటి కర్టా మెమో బోర్డులకు చెబుతోంది. అందుకే వైద్య రికార్డులు, తోటి సైనికుల వాంగ్మూలాలు తప్పక జతచేయండి.

జనరల్ కోర్ట్ మార్షల్ (తీవ్ర నేరాలను విచారించే సైనిక కోర్టు) విధించిన డిశ్చార్జిని మాత్రం ఈ బోర్డు ముట్టుకోదు. అలాంటివారికి, గడువు దాటినవారికి, వైద్య కారణాలపై రిటైర్మెంట్ కోరేవారికి సైనిక రికార్డుల సవరణ బోర్డే దిక్కు. ఫారం డీడీ 149. పొరపాటు తెలిసిన 3 ఏళ్లలోపు అడగాలి, న్యాయం కోసం ఆ గడువును బోర్డు సడలించగలదు. ముఖాముఖి విచారణ అరుదు. కోర్ట్ మార్షల్ కేసుల్లో శిక్షపై దయ చూపగలదే తప్ప దోష నిర్ధారణను రద్దు చేయలేదు. రివ్యూ బోర్డు కాదన్నవారు కూడా ఇక్కడికి రావచ్చు.