ట్రౌట్ కోసం కొన్న గాలపు కర్ర: కృష్ణలో తొమ్మిదేళ్ల అనుభవం

ఈ గాలపు కర్ర, దారం చుట్టే రీలు జతను 2016 సెప్టెంబరులో, హిమాచల్‌లోని బరోట్ ప్రయాణం కోసం కొన్నాను. ఆరున్నర అడుగుల పొడవు ఉండి రెండు ముక్కలుగా విడిపోయే లైట్ రకం గ్రాఫైట్ కర్ర ఒకటి, 2000 సైజు స్పిన్నింగ్ రీలు ఒకటి. రెండింటికీ కలిపి ఆరు వేల రూపాయల లోపే ఖర్చయింది. ట్రౌట్ కోసం తయారైన ఈ కర్ర ఆ తర్వాత హిమాచల్‌కు వెళ్లింది రెండే సార్లు. మిగిలిన కాలమంతా అది ఎక్కువగా విజయవాడలోనే, ప్రకాశం బ్యారేజీకి పైన నిలిచిన నీళ్లలోనూ కింద వదిలిన నీళ్లలోనూ పనిచేసింది. చల్లని నీళ్ల చేప కోసం చేసిన సరుకు మన కృష్ణకు పనికొస్తుందా అని మిత్రులు తరచుగా అడుగుతుంటారు. గేట్లకు పైన పూర్తిగా పనికొస్తుందని, కింద సగమే పనికొస్తుందని నా అనుభవం.

ముందుగా బరోట్ సంగతి చెప్పాలి. జోగిందర్ నగర్ దగ్గరి షానన్ విద్యుత్ కేంద్రం కోసం బ్రిటిష్ వారి కాలంలోనే ఊల్ నదిని అక్కడ ఆపారు. ఆ చిన్న జలాశయంలోనూ, దాని పైనా కిందా నదిలోనూ బ్రౌన్ ట్రౌట్ ఉంటుంది. హిమాచల్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి చివరి వరకు, చేప గుడ్లు పెట్టే కాలం కనుక, ట్రౌట్ పట్టడం నిషిద్ధం. అందుకే మేము అక్టోబరు మొదటి వారంలో మత్స్యశాఖ లైసెన్సు తీసుకుని వెళ్లాము. నిలిచిన నీటిలో మొదటి రోజంతా ఎక్కడ పడితే అక్కడ స్పిన్నర్ (నీటిలో గిర్రున తిరిగే రేకు ఎర) విసిరి ఏమీ సాధించలేదు. రెండవ రోజు వాగు వచ్చి జలాశయంలో కలిసే మూల దగ్గర నిలబడ్డాక గాని, చల్లని కొత్త నీరూ దానితో కొట్టుకువచ్చే పురుగులూ చేరే చోటే చేప కాచుకుని ఉంటుందని అర్థం కాలేదు. అక్కడ అయిదు గ్రాముల స్పిన్నర్‌ను ఈ కర్ర ముప్పై గజాల దూరానికి ఏ శ్రమా లేకుండా పంపింది. చేప తాకినప్పుడు కొన దగ్గరి వణుకు పిడి వరకు స్పష్టంగా తెలిసింది. నేను పట్టిన మూడు చేపల్లో పెద్దది అరకిలో కూడా లేదు. అయినా రీలు డ్రాగ్, అంటే చేప లాగినప్పుడు దారాన్ని అదుపుగా వదిలే బ్రేకు, ఎక్కడా పట్టేయకుండా దారాన్ని మెత్తగా వదిలింది. సన్న దారంతో పట్టేవారికి రీలులో అన్నిటికన్నా విలువైన గుణం ఇదే.

ట్రౌట్‌కు దాదాపు 20 డిగ్రీల లోపు నీరు కావాలి. లోతైన జలాశయాలలో ఎండాకాలం పైపొర వేడెక్కినా అడుగు నీరు చల్లగానే ఉంటుంది. ఆ అడుగు నీటిని కిందికి వదిలే ఆనకట్టల వల్ల వేడి ప్రాంతాలలో కూడా ట్రౌట్ నదులు ఏర్పడ్డాయి. అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో బుల్ షోల్స్ డ్యామ్ కింద పారే వైట్ నది అలాంటిదే. మన బ్యారేజీ ఆ కోవకు చెందినది కాదు. 1855 నాటి పాత ఆనకట్ట స్థానంలో 1957లో పూర్తయిన ఈ 70 గేట్ల కట్టడం కాలువలకు నీరు మళ్లించడానికి కట్టినది. వెనక నిలిచే నీరు లోతు తక్కువ, వైశాల్యం ఎక్కువ. మే నెలలో భవానీ ద్వీపం దగ్గర చెయ్యి ముంచితే అడుగున కూడా గోరువెచ్చగానే తగులుతుంది. కాబట్టి ఇక్కడ ట్రౌట్ కోసం ఎవరూ ఆశపడనక్కరలేదు.

ఈ కర్రకు ఇక్కడ దొరికిన చేపలు వేరు. బ్యారేజీకి పైన, సీతానగరం వైపు రాళ్ల ఒడ్డున, చిన్న స్పిన్నర్‌కు ఇసుక దొందులు మొదటి ఏడాది నుంచే వచ్చాయి. ఒక్కోసారి మట్టగిడస, అరుదుగా కిలోలోపు వాలుగ కూడా తగిలాయి. దొందు జానెడే ఉన్నా మట్టంగా నేలకు అంటుకుని లాగుతుంది కనుక తేలిక కర్రమీద ఆ లాగుడు చాలా బాగుంటుంది. స్పిన్నర్ తీసి బెండు, గాలం కట్టి తవుడు ముద్ద పెడితే శీలావతి వస్తుంది. రెండు కిలోల శీలావతిని ఈ కర్రతో ఒడ్డుకు తేవడానికి పావుగంట పట్టింది, కాని తేగలిగాను. నాచు, తూటికాడ కమ్మిన చోట కొర్రమీను కోసం మాత్రం దీన్ని వాడకండి. కొర్రమీను గాలం తగిలిన మరుక్షణం మొక్కల్లోకి దూరుతుంది, దాన్ని బలంగా లాగి తీసే వెన్ను ఈ కర్రకు లేదు. రెండుసార్లు దారం తెంపుకుని, నోట్లో గాలంతోనే చేప వెళ్లిపోయింది. ఆ బాధ నాకిప్పటికీ ఉంది, అందుకే అక్కడికి ఈ కర్రను తీసుకెళ్లడం మానేశాను.

గేట్ల కింద విషయం పూర్తిగా మారుతుంది. వరద తగ్గి కొన్ని గేట్లే కొద్దిగా ఎత్తి ఉంచిన రోజుల్లో, కట్టడానికి చాలా దూరంగా, ఇసుక మేటల పక్కన నిలబడి విసిరేవాణ్ని. మొదటి రెండేళ్లు నురగ మధ్యలోకే విసిరాను. అక్కడ ఏళ్లుగా వల వేసే ఒక పెద్దాయన నన్ను చూసి, “బాబూ, నురగలో కాదండీ, నురగ ఆగిపోయే అంచున వెయ్యండి. చేప అక్కడ నిలబడి తింటది” అన్నారు. బరోట్‌లో రాళ్ల వెనక నెమ్మది నీటిలో నిలబడి, పక్కనే పోయే ప్రవాహంలోంచి తిండి అందుకునే ట్రౌట్‌ది కూడా సరిగ్గా ఇదే పద్ధతి. ఆయన మాట విన్నాక వాలుగలు వచ్చాయి. దానితో పాటు ఈ జత హద్దు కూడా తెలిసింది. ప్రవాహం బరువూ చేప బరువూ కలిసినప్పుడు 6 పౌండ్ల లాగుడు తట్టుకునే నైలాన్ దారం చాలదు. 2018లో 10 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిక) దారానికి మారి, చివర రెండు గజాలు ఫ్లోరోకార్బన్ దారం కట్టడం మొదలుపెట్టాను. దారం నిలిచింది. అయితే ఎంత గట్టిగా పట్టుకున్నా, పెద్ద వాలుగ ప్రవాహంతో పాటు కిందికి తిరిగితే కర్ర పూర్తిగా వంగిపోయి చేపను మళ్లించలేకపోయింది. గేట్ల కింద పట్టాలనుకునేవారు ఏడడుగుల మీడియం కర్ర, 4000 సైజు రీలు తీసుకోవడం మంచిది.

వదిలిన నీటి దగ్గర సరుకు కన్నా ముఖ్యమైనది నీటి మట్టం మీద చూపు. 2014 జూన్ 8న బియాస్ నదిలో లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీటిలో హైదరాబాద్ నుంచి వెళ్లిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. 2019లో తీర్థన్ నదిలో ట్రౌట్ కోసం వెళ్లినప్పుడు, ఆ నది బియాస్‌లో కలిసే లార్జి మీదుగానే ప్రయాణించాము. ఆ నదిలోని రాళ్లను చూశాక చాలాసేపు నోట మాట రాలేదు. పులిచింతల కింద కూడా విద్యుదుత్పత్తి మొదలైతే నది లేస్తుంది. అమరావతి వైపు వెళ్లినప్పుడు నేను ముందుగా నీటి అంచున ఒక రాయిని గుర్తు పెట్టుకుంటాను, ఆ రాయి తడిసిన క్షణంలో సామాను సర్దుకుని గట్టెక్కుతాను. 2024 సెప్టెంబరు ఒకటో తేదీ తర్వాత బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద పోయాక, నాకు తెలిసిన ఇసుక మేటల్లో ఒక్కటి కూడా పాత చోట లేదు. ఏ చోటనైనా కొత్తగా లోతు చూసుకునే దిగాలి.

మన్నిక విషయానికి వస్తే, కర్ర మీద కార్క్ పిడి నల్లబడిందే గాని ఊడలేదు. కొన దగ్గర దారం దూరి వెళ్లే గైడ్‌లో గాజులాంటి ఉంగరం అయిదో ఏడు పగిలింది. అది తెలియక వాడినందువల్ల కొత్త బ్రెయిడ్ అంతా కోసుకుపోయింది. దూదిని గైడ్లలోంచి దూర్చి చూడండి, చీలిక ఉంటే పోగు చిక్కుకుంటుంది. రీలుకు నేను చేసిన అన్యాయం ఒకటుంది. పండుగప్ప కోసం హంసలదీవి తీసుకెళ్లి, ఉప్పునీళ్లలో వాడి, ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడగకుండా పెట్టాను. రెండు వారాల్లో బేరింగులు గరగరలాడాయి. బాగుచేయడానికి పంపిన చోట రెండు నెలలు ఉంచుకుని, విడిభాగం లేదని తిప్పి పంపారు. చివరకు వన్‌టౌన్‌లో కుట్టుమిషన్లు బాగుచేసే ఒకాయన బయటి బేరింగు వేసి ఇచ్చారు, నాలుగేళ్లుగా అదే నడుస్తోంది. దారాన్ని రీలుపైకి మళ్లించే తీగ (బెయిల్) స్ప్రింగు ఒకసారి మార్చాను. డ్రాగ్‌లోని ఫెల్ట్ బిళ్లలను మాత్రం ఒక్కసారి కూడా మార్చలేదు, అయినా బరోట్‌లో విన్నంత మెత్తగానే ఇప్పటికీ దారం వదులుతోంది.

ఈ ఏడాది గేట్ల కిందికి వెళ్లడానికి బరువైన కర్ర వేరుగా కొన్నాను. పాతది సీతానగరం రాళ్ల దగ్గర దొందుల కోసం ఉంచుకున్నాను. నిన్న సాయంత్రం కూడా నాలుగు వచ్చాయి, మూడింటిని వదిలేశాను.